పాత వ్యానుకి వెనక బ్రేక్ షూలు: ఏవి కొనాలి, ఎక్కడ వేయించాలి, వాటితో పాటు ఏం మార్చాలి

మా మారుతి ఓమ్నీ 2008 మోడల్. హైదరాబాద్ కోఠిలో నోటు పుస్తకాలు, జిరాక్స్ పేపర్ బండిళ్ళు ఎక్కించుకుని కాచిగూడ, అంబర్‌పేట మీదుగా రామంతాపూర్‌లోని మా షాపుకి వస్తుంది. వారానికి మూడు ట్రిప్పులు, వెనక సీటు తీసేసి నిండా సరుకు. 2022లో ఆ బండికి వెనక బ్రేక్ షూలు, అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి అదిమి ఆపే వంపు ముక్కలు, మార్పించాను. ఐదు నెలలు కూడా తిరగకముందే అవే షూలు తీసి పారేసి మళ్ళీ కొత్తవి వేయించాల్సి వచ్చింది. మొదటిసారి వేసినవి నాసిరకం కావు, పేరున్న కంపెనీవే. లైనింగ్ (షూ మీద ఉండే, డ్రమ్ముకి రాసుకునే పొర) కూడా అరగలేదు. పెడల్ తొక్కినప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండర్ కారి, బ్రేక్ ఫ్లూయిడ్ లైనింగ్ మొత్తాన్ని నానబెట్టేసింది.

షూలు ఏ కంపెనీవి తీసుకోవాలని నేను ఇద్దరు ముగ్గురిని అడిగాను. సిలిండర్ల సంగతి ఒక్కరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. అందుకే ఈ సలహాలో షూల పోలికతో పాటు వాటి చుట్టూ ఉండే వాటి గురించి కూడా అంతే వివరంగా రాస్తున్నాను. పది, పదిహేనేళ్ళు దాటిన వ్యాను ఉన్నవాళ్ళకి డబ్బు పోయేదీ, ప్రమాదం వచ్చేదీ అక్కడే.

తీరిక లేనివాళ్ళ కోసం నా ఎంపిక ముందే చెప్పేస్తాను. బండి పార్టులు ఇంకా దొరుకుతున్న మోడల్ అయితే, బ్రేక్ లైనింగులు తయారుచేసే పేరున్న కంపెనీ కొత్త షూల సెట్టు, రెండు వైపులా కొత్త వీల్ సిలిండర్లు, కొత్త స్ప్రింగులు తీసుకోండి. వీటిని తెలిసిన మెకానిక్ దగ్గర, మీరు పక్కన నిలబడి వేయించుకోండి. పాత ప్లేట్ల మీద కొత్త లైనింగ్ వేయించడం అనేది పార్టులే దొరకని బళ్ళకు మాత్రమే.

డ్రమ్ము విప్పకుండా ఏదీ కొనకండి

చాలామంది ఫోన్‌లో షూలు ఆర్డర్ పెట్టి, డబ్బా చేతికొచ్చాక మెకానిక్ దగ్గరికి వెళ్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. డ్రమ్ము ఊడితే గానీ లోపల ఏముందో తెలియదు. షూలే అరిగాయా, సిలిండర్ కారుతోందా, స్ప్రింగు విరిగిందా, డ్రమ్ము గాడి పడిందా, ఇరుసు ఆయిల్ సీల్ పోయిందా? వీటిలో ఏది అన్నదాన్ని బట్టి కొనాల్సిన సామాను మారిపోతుంది. ఒక ఉదయం గంట సేపు కేటాయించి రెండు వైపులా విప్పించి చూడండి. అప్పుడు లిస్టు రాసుకుని, బండి పార్టుల దుకాణాలుండే రాణిగంజ్‌కో పుత్లీబౌలీకో వెళ్ళండి.

విప్పినప్పుడు ఏం చూడాలో తెలియాలంటే లోపల పని ఎలా జరుగుతుందో కొంచెం తెలియాలి. పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్ ఒత్తిడికి వీల్ సిలిండర్‌లోని రెండు చిన్న పిస్టన్లు చెరోవైపు బయటికి జరుగుతాయి. అవి రెండు షూలనూ తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడకు అదుముతాయి. కాలు తీస్తే స్ప్రింగులు షూలను మళ్ళీ దగ్గరికి లాగుతాయి. సిలిండర్ డ్రమ్ములో పైభాగాన ఉండే అమరికలో, బండి ముందుకు వెళ్తున్నప్పుడు ముందువైపు షూని డ్రమ్ము తనతో పాటు ఇంకా బిగువుగా లాక్కుంటుంది. అందుకే ఆ షూ త్వరగా అరుగుతుంది. మెకానిక్ వెనకవైపు షూ చూపించి ‘ఇంకా ఆరు నెలలు వస్తుందన్నా’ అంటే, అదే చక్రంలో ముందువైపు షూ కూడా చూడమనండి. లైనింగ్ మందం అన్నిటికన్నా పల్చగా ఉన్న చోటే కొలవాలి. ఎంత మిగిలితే మార్చాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. నా మటుకు నేను 2 మి.మీ.కి దగ్గరైతే ఆ సరుకు బండిని ఇంకో వానాకాలానికి పంపను. లైనింగ్‌ను రివెట్లతో బిగించిన రకమైతే రివెట్ తల నుంచి లెక్కపెట్టాలి. రివెట్ డ్రమ్ముకి తగిలిందంటే డ్రమ్ము కూడా పాడైనట్టే.

లోపల తడి ఉంటే అది ఏ తడి అన్నది తేల్చుకోవడం చాలా ముఖ్యం. ఓమ్నీ లాంటి వ్యానుల్లో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉన్నా తిరిగేది వెనక చక్రాలే. ఇరుసు గొట్టంలో గేర్ ఆయిల్ ఉంటుంది. ఆయిల్ సీల్ అరిగితే ఆ ఆయిల్ డ్రమ్ములోకి వస్తుంది. గేర్ ఆయిల్ చిక్కగా, నల్లగా, ముక్కు మూసుకునేంత ఘాటు వాసనతో ఉంటుంది, నీళ్ళతో కడిగితే పోదు. బ్రేక్ ఫ్లూయిడ్ పల్చగా, జారుడుగా ఉంటుంది, నీళ్ళలో కలిసిపోతుంది, పెయింట్ మీద పడితే పెయింట్ ఊడొస్తుంది. మొదటిదైతే సీల్ మార్చాలి, రెండోదైతే సిలిండర్ మార్చాలి. ఏ తడి అయినా సరే, లైనింగ్‌కి పట్టిందంటే ఆ షూలు ఇక పనికిరావు. పెట్రోలుతో కడిగి, ఉప్పు కాగితం పెట్టి రుద్ది మళ్ళీ బిగించేవాళ్ళు ఉన్నారు. లైనింగ్ లోపలికి ఇంకిన నూనె వేడెక్కినప్పుడల్లా పైకి వస్తూనే ఉంటుంది. అలా కడిగి ఇస్తామంటే ఒప్పుకోకండి.

షూలలో నాలుగు దారులు

మొదటిది, బండి కంపెనీ పేరుతో వచ్చే జెన్యూన్ పార్టు. మారుతి బండికైతే మారుతి జెన్యూన్ పార్ట్స్. కొలత సరిగ్గా ఉంటుంది, హ్యాండ్ బ్రేక్ లివర్ కూర్చునే రంధ్రం దగ్గర్నుంచి అన్నీ పాత దానికి సరిపోతాయి. ధర ఎక్కువ. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయినా రోడ్డు మీద ఇంకా చాలా బళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి షూలు దొరకడం కష్టం కాదు.

రెండోది, బ్రేక్ లైనింగులు తయారుచేసే కంపెనీల షూలు. రానే, సుందరం, అలైడ్ నిప్పన్, బ్రేక్స్ ఇండియా లాంటివి. ఇలాంటి కంపెనీల్లో చాలావరకు బండ్ల కంపెనీలకు కూడా సరుకు ఇస్తాయి. జెన్యూన్ డబ్బాలో దొరికే నాణ్యతకు దగ్గరగా ఉండి, ధర తక్కువ. నేను రెండోసారి వేసుకున్నవి ఈ రకమే, ఇప్పుడు మళ్ళీ మార్చాల్సి వచ్చినా ఇవే తీసుకుంటాను. షాపులో మోడల్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. బండి తయారైన సంవత్సరం చెప్పండి, పాత షూని చేత్తో పట్టుకెళ్ళి కొత్తదాని మీద పెట్టి చూడండి. వంపు, వెడల్పు, రంధ్రాలు మూడూ కలవాలి.

మూడోది, పేరు తెలియని డబ్బాల్లో, ఒక్కోసారి పేరున్న డబ్బాకి నకలు డబ్బాల్లో వచ్చే సరుకు. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, తయారైన నెల ఉండాలి. అవి లేకపోయినా, అక్షరాలు చెరిగినట్టు ఉన్నా, బిల్లు ఇవ్వనన్నా అక్కడ కొనకండి. మా ఓమ్నీ లాంటి బండికి రకానికీ రకానికీ మధ్య తేడా మొత్తం కలిపినా ఒక ఫుల్ ట్యాంక్ పెట్రోలు ఖర్చు దాటదు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండిలో అంత చిన్న మొత్తం కోసం లెక్క చూసుకోవడం నాకు మనసొప్పదు.

లైనింగ్ అంచు మీద కొన్నిసార్లు కంపెనీ కోడ్ పక్కన రెండు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఎఫ్‌ఎఫ్ అనో, ఈఎఫ్ అనో. ఇది లైనింగ్ పట్టు ఎంతో చెప్పే గుర్తు. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కినప్పుడు. ఈ అంటే ఘర్షణ 0.25 నుంచి 0.35 మధ్య, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. పట్టు ఎక్కువుంటే మంచిదే కదా అనిపిస్తుంది. వెనక చక్రాల విషయంలో అది నిజం కాదు. ఖాళీ వ్యానులో వెనక బరువు తక్కువ. బ్రేక్ కొట్టినప్పుడు ఉన్న బరువు కూడా ముందుకే పడుతుంది. అప్పుడు వెనక పట్టు మరీ ఎక్కువైతే చక్రాలు బిగుసుకుపోయి, తడి రోడ్డు మీద బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. అందుకే పాత షూల మీద ఉన్న గుర్తుకు దగ్గరగా ఉన్నవే తీసుకోండి.

నాలుగోది రీలైనింగ్. అంటే పాత ఇనప ప్లేటు అలాగే ఉంచి, అరిగిన లైనింగ్ తీసేసి కొత్తది వేయడం. లారీలకు, బస్సులకు ఇది ఎప్పటినుంచో జరుగుతున్న పనే. వనస్థలిపురం ఆటోనగర్ లాంటి చోట్ల చేయి తిరిగిన పనివాళ్ళు ఉంటారు. మందపాటి లైనింగును రివెట్లతో కొట్టే పెద్ద షూలకు అది సరైన పద్ధతే. చిన్న వ్యానుల షూలలో మాత్రం లైనింగును చాలావరకు జిగురుతోనే అతికిస్తారు. ఆ జిగురు పట్టాలంటే ప్లేటును శుభ్రంగా తుప్పు లేకుండా చేయాలి, లైనింగును గట్టిగా అదిమి పట్టి, లెక్క ప్రకారం వేడి చేయాలి. ఫ్యాక్టరీలో దానికి యంత్రాలున్నాయి. చిన్న దుకాణంలో ఆ వేడి, ఆ ఒత్తిడి సరిగ్గా కుదరకపోతే, కొన్నాళ్ళకు లైనింగ్ ప్లేటు నుంచి ఊడి డ్రమ్ముకీ షూకీ మధ్య ఇరుక్కుంటుంది. చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. పైగా పదిహేనేళ్ళ ప్లేటు అంచులు అరిగి, కొద్దిగా వంగి ఉంటాయి. కాబట్టి ఓమ్నీ, ఈకో లాంటి వాటికి రీలైనింగ్ జోలికి పోవద్దు. మ్యాటడోర్ లాంటి పాత బండిని ఇష్టంగా కాపాడుకుంటున్నవాళ్ళకు కొత్త షూలు దొరక్కపోతే రీలైనింగ్ తప్పదు. అప్పుడు లారీ షూలు చేసే పెద్ద పనివాడి దగ్గరికే వెళ్ళండి, రివెట్ పద్ధతిలో చేయమనండి, వీలైతే డ్రమ్మును కూడా తీసుకెళ్ళి దాని వంపుకి తగ్గట్టు లైనింగ్ సరిచేయించండి.

ఏ దారి ఎంచుకున్నా రెండు వెనక చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం వేయాలి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బ్రేక్ కొట్టిన ప్రతిసారీ బండి ఒక పక్కకి లాగుతుంది.

వీల్ సిలిండర్: కిట్టు వేయాలా, కొత్తదా, అలాగే వదిలేయాలా

నా డబ్బు పోయింది ఇక్కడ.

2020 అక్టోబర్ వానలు హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు. ఆ రాత్రి మా వీధిలో నీళ్ళు బండి చక్రాలను ముంచేశాయి, తెల్లారి మధ్యాహ్నం దాకా తగ్గలేదు. ఇంజిన్ బాగుచేయించాం, సీట్లు ఎండబెట్టాం, బండి మళ్ళీ నడిచింది. బ్రేకులు కూడా బాగానే పనిచేశాయి. 2022లో షూలు అరిగాయని తెలిసి కొత్తవి వేయించినప్పుడు సిలిండర్లు పొడిగానే ఉన్నాయి. ‘కారట్లేదుగా, ఎందుకు మార్చడం’ అన్నాడు అప్పటి మెకానిక్. నాకూ సబబుగానే అనిపించింది. కొన్ని నెలలకి ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం దిగడం మొదలైంది. పోసుకుంటూ వచ్చాను. ఒకరోజు సాయంత్రం సరుకుతో అంబర్‌పేటలో సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కితే మామూలు కంటే చాలా కిందికి వెళ్ళింది, బండి ఎడమ పక్కకి లాగింది. ముందున్న స్కూటర్ మీద తల్లి, పాప ఉన్నారు. వాళ్ళకు చేయి చాచినంత దూరంలో బండి ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొడిగా ఉన్న సిలిండర్ కొత్త షూలు వేశాకే ఎందుకు కారింది? ఇప్పుడు నా బండి చూసే మెకానిక్ విప్పి చూపించాడు. షూలు అరిగే కొద్దీ సిలిండర్ లోపలి పిస్టన్లు ఏళ్ళ తరబడి మెల్లగా బయటికి జరుగుతూ వస్తాయి. రబ్బర్ సీలులు ఆ బయటి భాగంలోనే కదులుతూ ఆ కొద్దిమేర గోడను నున్నగా ఉంచుతాయి. మధ్య భాగంలో ఏళ్ళనాటి ఫ్లూయిడ్, అది పీల్చుకున్న తేమ, మడ్డి చేరి గోడ మీద తుప్పు గుంటలు పడతాయి. మందంగా ఉన్న కొత్త షూలు వేయగానే పిస్టన్లు లోపలికి వెనక్కి జరుగుతాయి. మెత్తని రబ్బరు ఆ గుంటల మీద రుద్దుకుంటుంది. వారాలకో నెలలకో చిరిగి కారడం మొదలవుతుంది. నీళ్ళలో మునిగిన బండిలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే బయటి రబ్బరు టోపీల కిందికి కూడా నీళ్ళు చేరి అక్కడా తుప్పు పడుతుంది.

కాబట్టి మూడు ఎంపికల్లో ఏది?

అలాగే వదిలేయడం: బండి ఏడెనిమిదేళ్ళ లోపుది, ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మారుస్తున్నారు, రబ్బరు టోపీ అంచు మెల్లగా ఎత్తి చూస్తే లోపల పూర్తిగా పొడి. ఈ మూడూ ఉంటే వదిలేయొచ్చు.

రబ్బర్ కిట్టు వేయడం (పాత సిలిండర్‌లోనే రబ్బర్ సీలులు మాత్రం కొత్తవి వేయడం): సిలిండర్ విప్పి, లోపలి గోడను వేలితో తడిమి, టార్చి వేసి చూస్తే అద్దంలా ఉంటేనే. చిన్న గుంట ఉన్నా కిట్టు వేసి లాభం లేదు. కొందరు ఎమరీ కాగితంతో గోడను రుద్ది నున్నగా చేసి కిట్టు వేస్తారు. గుంట పోవాలంటే చుట్టూ ఉన్న లోహం అంతా అరగదీయాలి, అప్పుడు సిలిండర్ వదులైపోతుంది.

కొత్త సిలిండర్: పదేళ్ళు దాటిన బండికి, ఒక్కసారైనా నీళ్ళలో మునిగిన బండికి నేను ఇదే అంటాను, ఇంకో ఆలోచన లేకుండా. కొత్త సిలిండరుకి పెట్టే డబ్బు, కారడం వల్ల పాడయ్యే షూల సెట్టు, రెండోసారి కూలీ కలిపి చూస్తే తక్కువే. రెండు వైపులా మార్చాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత బండిలో సిలిండరుకి వచ్చే ఇనప పైపు నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మామూలు స్పానర్ పెట్టి తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి, లేదా పైపే మెలి తిరిగి విరుగుతుంది. ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచమనండి. పైపు విరిగితే అతుకులు వద్దు, ఆ ముక్క మొత్తం కొత్తదే వేయించాలి.

సిలిండర్ మార్చారంటే బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం మార్చి, పైపుల్లో చేరిన ఎయిర్ తీయించాలి. ఏ రకం ఫ్లూయిడ్ అన్నది బండిలోని ఫ్లూయిడ్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, డాట్ 4 అయితే 230. తేమ పీల్చుకున్నాక ఇవి 140కి, 155కి పడిపోవచ్చు. మరిగిందంటే పైపులో ఆవిరి బుడగలు, తొక్కితే పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంది. సీల్ ఉన్న చిన్న సీసా కొని మీ కళ్ళ ముందే తెరిపించండి. గ్యారేజీలో మూత తీసి నెలల తరబడి అల్మారాలో ఉన్న డబ్బా నుంచి పోయనివ్వకండి. డాట్ 5 అనే సిలికాన్ రకం వీటితో కలవదు, పేరు దగ్గరగా ఉందని దాన్ని పోయనీయొద్దు.

స్ప్రింగులు, అడ్జస్టరు, హ్యాండ్ బ్రేక్ తీగ

స్ప్రింగులు కొత్తవి వేయండి. వేడికి చల్లదనానికి ఏళ్ళ తరబడి లోనై స్ప్రింగుల్లో బిగువు పోతుంది. షూ పూర్తిగా వెనక్కి రాక డ్రమ్మును రుద్దుతూ తిరుగుతుంది. షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీని సరిచేసే అడ్జస్టరు మరలు తుప్పు పట్టకుండా తిరుగుతున్నాయో లేదో చూసి, శుభ్రం చేయించి, వేడికి ఆగే గ్రీజు కొద్దిగా రాయించండి.

హ్యాండ్ బ్రేక్ విషయంలో మాత్రం ఒక తప్పు పద్ధతి ఊరంతా ఉంది. లివర్ పైదాకా వస్తోందంటే షూలు అరిగాయనో, అడ్జస్టరు పనిచేయట్లేదనో అర్థం. అప్పుడు బండి కింద తీగను బిగించి ఇచ్చేస్తారు. రెండు నిమిషాల పని. లివర్ మళ్ళీ గట్టిగా అనిపిస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. పైగా బిగించిన తీగ షూలను కొద్దిగా తెరిచి పట్టుకోవడంతో, వాటంతట అవే సర్దుకునే అడ్జస్టర్లు ఉన్న బండిలో అవి కూడా పనిచేయడం మానేస్తాయి. సరైన వరస ఇది: తీగ వదులు చేయాలి, షూలు వేయాలి, అడ్జస్టరుతో షూలను డ్రమ్ముకి సరిపడా దగ్గర చేయాలి, చివరికి తీగ బిగించాలి. మౌలాలి కమాన్ ఎత్తు మీదో, ఫిలింనగర్ వాలు మీదో బండి ఆపి దిగాల్సి వచ్చినప్పుడు ఈ వరస ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

డ్రమ్ము: లేతుకి పంపాలా, కొత్తది కొనాలా

ఇది తేలిక. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం ఎంతో పోత పోసి ఉంటుంది. కొత్తదానికీ ఆ కొలతకీ తేడా సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లే. లేతు (లోపలి గోడను సమంగా చెక్కే యంత్రం) పట్టించాక కూడా ఆ కొలత లోపలే ఉంటే పట్టించండి, దాటేట్టు ఉంటే కొత్తది. గోడ మీద గోరుకి తగలని సన్నని గీతలుంటే లేతు కూడా అక్కర్లేదు. నీలం రంగు మచ్చలు, వెంట్రుక వాసి పగుళ్ళు కనిపిస్తే లేతు ఊసే వద్దు, డ్రమ్ము మార్చడమే. అంచున పెదవిలా నిలబడిన తుప్పు గట్టు మాత్రం తీయించాలి, లేకపోతే తర్వాత డ్రమ్ము విప్పడమే కష్టమవుతుంది. రాని డ్రమ్మును సుత్తితో బాదనీయకండి. చాలా డ్రమ్ములకు రెండు మర రంధ్రాలు ఉంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తాను బయటికి వస్తుంది.

ఎక్కడ వేయించాలి

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బిల్లు ఉంటుంది, జెన్యూన్ పార్టు ఉంటుంది, కొలతలు మాన్యువల్ ప్రకారం ఉంటాయి. పదేళ్ళ లోపు బండికి, పక్కన నిలబడే తీరిక లేనివాళ్ళకి అదే మంచిది. పాత వ్యాను విషయంలో రెండు ఇబ్బందులు చూశాను. ఒకటి, బండిని లోపలికి తీసుకెళ్ళాక మీకు డ్రమ్ము లోపల ఏముందో చూసే అవకాశం తక్కువ. రెండు, వీధిలో ఒక్కో పార్టుకి అయ్యే ఖర్చుతో పోలిస్తే మొత్తం బిల్లు బాగా పెరుగుతుంది.

వీధిలోని మెకానిక్ దగ్గర లాభమల్లా కళ్ళతో చూడగలగడం. పార్టులు మీరే తెచ్చుకోవచ్చు. రాణిగంజ్, పుత్లీబౌలీ రెండుచోట్లా ఒకే వీధిలో పదిమందిని ధర అడగొచ్చు, పాత ముక్కను పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అయితే మెకానిక్‌ను ఎంచుకోవడంలో నాది ఒక్కటే పరీక్ష. ‘భాయ్, సిలిండర్ సంగతేంటి?’ అని అడగండి. టోపీ ఎత్తి చూపించేవాడైతే ఉండండి. చూడకుండానే ‘ఏం కాదు సార్’ అంటే ఇంకో దుకాణం చూసుకోండి. ఇంకో మాట, ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క విప్పమనండి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో సందేహం వస్తే చూసుకోవడానికి రెండో పక్క అలాగే ఉంటుంది. విప్పేముందు ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకుంటే ఇంకా మంచిది.

సొంతంగా చేసుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. సైకిల్ నుంచి మోటార్ దాకా చేత్తో విప్పి బిగించిన అనుభవం ఉన్నవాళ్ళు షూలు మార్చగలరు. కానీ ఓమ్నీ లాంటి వెనక చక్రాల బండిలో ఒక ప్రమాదం దాగి ఉంది. గేరు పట్టేది వెనక చక్రాలనే, హ్యాండ్ బ్రేక్ పట్టేదీ వెనక చక్రాలనే. వెనక భాగం జాకీ మీద లేపారంటే బండిని ఆపి ఉంచేది ఏదీ లేనట్టే. ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి దిమ్మలు పెట్టకుండా జాకీ ముట్టుకోవద్దు. జాకీ మీదే బండి ఉంచి పనిచేయొద్దు, ఇరుసు కింద స్టాండ్లు ఉండాలి. స్ప్రింగు ఎగిరితే కంటికే తగులుతుంది, అద్దాలు పెట్టుకోండి. సిలిండర్, పైపు పని కూడా ఉంటే మాత్రం మొదటిసారి ఒంటరిగా చేయకండి, ఎయిర్ సరిగ్గా పోలేదంటే అది రోడ్డు మీదే తెలుస్తుంది.

ఆ నల్ల దుమ్ము

డ్రమ్ము ఊడగానే కంప్రెసర్ పైపు పెట్టి ఊదడం మన గ్యారేజీల్లో అలవాటు. నల్లటి మేఘం లేస్తుంది. పక్కన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ముఖం తిప్పుకుంటాడు, అంతే. పాత లైనింగుల్లో, చవక రకాల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. లేకపోయినా ఆ సన్నని పొడి పీల్చదగింది కాదు. నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి చల్లి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పారేయమనండి. నేను వెళ్ళేటప్పుడు రెండు మాస్కులు పట్టుకెళ్తాను, ఒకటి ఆ కుర్రాడికి. కొనేటప్పుడు కూడా ఆస్బెస్టాస్ లేదని డబ్బా మీద రాసినవే అడగండి. రోజంతా ఆ పొడి మధ్య బతికేది మనం కాదు, వాళ్ళు.

వేసిన తర్వాత

గ్యారేజీ నుంచి బయటికి తీసేముందు పెడల్ నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూడండి. ట్రాఫిక్ లేని రోడ్డు మీద మెల్లగా వెళ్తూ ఆపండి. కొత్త లైనింగ్ వంపు, పాత డ్రమ్ము వంపు మొదట్లో పూర్తిగా కలవవు కాబట్టి పట్టు కొంచెం తక్కువగా అనిపించడం మామూలే. మొదటి 200 కి.మీ. నిండా సరుకు వేయకండి, గట్టిగా కొట్టే బ్రేకులు వీలైనంత తగ్గించండి, మెత్తగా ఎక్కువసార్లు ఆపుతూ నడపండి. పది కిలోమీటర్లు తిరిగాక దిగి, రెండు వెనక చక్రాల దగ్గరా అరచేయి దూరంగా పెట్టి వేడి చూడండి. ఒకటి బాగా వేడిగా, ఒకటి చల్లగా ఉంటే ఒక పక్క షూ పట్టుకుని ఉందన్నమాట, అదే రోజు వెనక్కి తీసుకెళ్ళండి. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద లాంటి చోట నీళ్ళు దాటాల్సి వస్తే, దాటాక తక్కువ వేగంలో పెడల్ మీద మెత్తగా కాలు ఉంచి కొంతదూరం నడపండి, డ్రమ్ము లోపల తడి ఆరుతుంది. రాత్రంతా వానలో తడిసే చోట, నేల చదునుగా ఉంటే హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి చక్రాలకు దిమ్మలు పెట్టండి. తడి షూ డ్రమ్ముకి అంటుకుపోకుండా ఉంటుంది.

నెల తిరిగాక ఒక పొద్దున బండి కింద టార్చి వేసి, వెనక రెండు చక్రాల లోపలి వైపు, వెనక ప్లేటు అడుగు అంచున తడి ఉందేమో చూడండి. ఫ్లూయిడ్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీసుకున్న మట్టం దిగిందేమో కూడా చూడండి. మా ఓమ్నీకి రెండోసారి సిలిండర్లతో సహా మార్పించాక ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. 2023లో పదిహేనేళ్ళు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి తీసుకెళ్ళినప్పుడు బ్రేకుల గురించి నాకు ఏ టెన్షనూ లేదు.